మోటారు ప్రమాదములో గాయపడినవారికి నష్టపరిహారము: అర్హులెవరు? పంచాయతీ చేయదగినదేమి?

తాండూరు నాపరాతి గనుల నుండియు, సిమెంటు కర్మాగారముల నుండియు బయలుదేరు లారీలు, కందులను అంగడికి చేర్చు ట్రాక్టరులు, కూలీలను గొనిపోవు ఆటోలు, హైదరాబాదునకు పోవు బస్సులు అన్నియు ఒకే దారిని పంచుకొనుచున్నవి. ఆ దారిపై ఎంతటి అనర్థము జరుగగలదో 2025 నవంబరు 3వ తేదీన రాష్ట్రమంతయు చూచినది. ఆనాటి ఉదయము తాండూరు డిపోకు చెందిన ఆర్టీసీ బస్సు హైదరాబాదునకు పోవుచుండగా, చేవెళ్ల మండలము మీర్జాగూడ వద్ద ఆ బస్సును, కంకరతో నిండిన టిప్పరు లారీయు ఢీకొన్నవి. కంకర ప్రయాణికులపై కుమ్మరింపబడినది. 19 మంది మరణించిరి, పెక్కుమంది గాయపడిరి. మృతుల కుటుంబములకు రాష్ట్ర ప్రభుత్వము 5 లక్షల రూపాయలు, ఆర్టీసీ సంస్థ 2 లక్షల రూపాయలు ప్రకటించినవి. గాయపడినవారికి 2 లక్షల రూపాయల సహాయము ప్రకటింపబడినది.

ఇట్లు ప్రకటింపబడు సొమ్మును ఎక్స్‌గ్రేషియా అందురు. ఆపదలో ఉన్నవారికి తక్షణము చేయు సహాయమిది. మోటారు వాహనముల చట్టము క్రింద లభించు నష్టపరిహారము దీనికంటె వేరు. మొదటిది ప్రభుత్వ సహాయము. రెండవది బాధితుని హక్కు. ప్రభుత్వ సహాయము పుచ్చుకొన్నంత మాత్రమున ఆ హక్కు పోదు. పెక్కుమంది ఈ భేదము నెరుగక, మొదటి సొమ్ముతోనే తమకు రావలసినదంతయు వచ్చినదని తలచి ఊరకుందురు.

పెద్ద ప్రమాదము జరిగినపుడు అధికారులు, పత్రికలవారు, న్యాయవాదులు అందరును వత్తురు. ఊరి పొలిమేరలో ఒక కూలివాని కాలు విరిగినపుడు మాత్రము వచ్చి నిలుచువారు సర్పంచియు, వార్డు సభ్యులును, ఇరుగుపొరుగువారును మాత్రమే. ఆ మొదటి దినములలో వీరు చెప్పు మాటనుబట్టియే ఆ కుటుంబమునకు పరిహారము దక్కుటయో, దక్కకపోవుటయో నిర్ణయమగును. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యులు చక్కగా తెలిసికొని యుండవలెను.

రచ్చకట్ట రాజీ వలన కలుగు నష్టము

ప్రమాదము జరుగగానే వాహనపు యజమాని తరఫువారు వచ్చి, "కేసు వద్దు, వైద్యపు ఖర్చు మేమిచ్చెదము" అందురు. పెద్దలు నలుగురు కూర్చుండి పదివేలకో, ఇరువదివేలకో ఒప్పందము చేయుదురు. ఇరుపక్షములకును మేలు చేసితిమని వారి ఉద్దేశము. నిజమునకు దీనివలన ఇరుపక్షములును నష్టపడుచున్నవి.

ఏలనన, బహిరంగ స్థలములలో నడుపు ప్రతి మోటారు వాహనమునకును థర్డు పార్టీ బీమా ఉండవలెనని చట్టము శాసించుచున్నది. యజమాని ఏటేట ప్రీమియము కట్టుచున్నది ఇట్టి దినము కొరకే. గాయపడినవానికి పరిహారము సాధారణముగ బీమా కంపెనీ చెల్లించును; యజమాని తన జేబు నుండి చెల్లింపనక్కరలేదు. కేసు లేకుండ రాజీ చేసినచో యజమాని తాను ఇయ్యనక్కరలేని సొమ్ము నిచ్చుచున్నాడు. గాయపడినవాడు తనకు రాదగిన పెద్ద మొత్తమును వదలుకొనుచున్నాడు. మూడు నెలల తరువాత ఎముక సరిగా అతుకలేదని తెలిసి, రెండవ శస్త్రచికిత్స కావలసివచ్చినపుడు ఆ రాజీ సొమ్ము మందులకైనను చాలదు.

పోలీసు ఠాణాలో ఎఫ్.ఐ.ఆర్. నమోదు కానంత మాత్రమున దావా వేయరాదని చట్టము చెప్పలేదు. అయినను ప్రమాదము జరిగినట్లును, ఫలానా వాహనమే కారణమైనట్లును ఋజువు చేయుట అప్పుడు మిక్కిలి కష్టమగును. అందుచేత పరామర్శకు వెళ్లిన పంచాయతీ సభ్యుడు మొదట అడుగవలసిన ప్రశ్న, "ఠాణాలో ఫిర్యాదు ఇచ్చితిరా?" అనునదియే.

అర్హులెవరు?

చట్టములోని 166వ సెక్షను ప్రకారము గాయపడిన వ్యక్తి స్వయముగ దరఖాస్తు చేయవచ్చును. అతనిచే అధికారము పొందిన ప్రతినిధియు చేయవచ్చును. మైనరు బాలబాలికల పక్షమున సంరక్షకులు చేయవచ్చును. ప్రమాదములో మరణించినవారి పక్షమున వారి వారసులు చేయవచ్చును.

బాటసారి, సైకిలుపై పోవువాడు, ఎదుటి వాహనములోనివాడు, బస్సు ప్రయాణికుడు, వీరందరును అర్హులే. మహాలక్ష్మి పథకము క్రింద ఉచిత ప్రయాణము చేయు స్త్రీలకును ఇదే హక్కు కలదు. ఛార్జీ చెల్లింపలేదను కారణమున అది తగ్గదు. వారికిచ్చు జీరో టికెట్టు ఆ బస్సులో ప్రయాణించినట్లు సాక్ష్యముగ ఉపయోగపడును. కావున దానిని పారవేయరాదు.

రెండు వాహనములు ఢీకొన్నపుడు తప్పు ఎవరిదని తేల్చుకొను భారము ప్రయాణికునిపై లేదు. ఇద్దరు డ్రైవర్ల అజాగ్రత్తవలన మూడవవాడు గాయపడినచో, అతడు పూర్తి పరిహారమును ఆ ఇరువురిలో ఎవరినుండి యైనను కోరవచ్చునని 2015లో సుప్రీం కోర్టు స్పష్టపరచినది. తరువాత వారు తమలో తాము పంచుకొందురు. గాయపడినవాని తప్పుకూడ కొంత ఉన్నచో, ఆ పాలు మేరకు పరిహారము తగ్గును, పూర్తిగా పోదు.

మోటారు సైకిలు నడుపువాడు మరియొక వాహన ప్రమేయము లేకుండ తానే జారిపడిన సందర్భము వేరు. థర్డు పార్టీ బీమా అతనికి వర్తింపదు. యజమానియే నడుపువాడై, లైసెన్సు కలిగి, 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా తీసికొనియున్నచో, మరణమునకును శాశ్వత అంగవైకల్యమునకును దాని నిబంధనల ప్రకారము సొమ్ము పొందవచ్చును.

ట్రాక్టరు ట్రాలీలో ప్రయాణించు కూలీలు

మన గ్రామములకు ముఖ్యమైన విషయమొకటి కలదు. కందికోతలకు, పత్తి ఏరుటకు కూలీలను ట్రాక్టరు ట్రాలీలలోను, సరుకుల ఆటోలలోను తీసికొనిపోవుట వాడుకయై యున్నది. ఇవి సరుకు మోయుటకు ఉద్దేశింపబడినవేగాని మనుష్యుల ప్రయాణమునకు కాదు. సరుకుల వాహనములో ఊరక ఎక్కిన ప్రయాణికులకు బీమా కంపెనీ బాధ్యత వహింపదని 2002లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. అట్టి ట్రాలీ తానే బోల్తాపడి కూలీలు గాయపడినచో, పరిహారపు భారము ట్రాక్టరు యజమానిపై పడును. ఆ యజమాని తరచుగ ఆ ఊరి రైతే అయియుండును. తీర్పు వచ్చినను అతనినుండి సొమ్ము వసూలగుట దుర్లభము. వసూలైనచో అతని భూమి పోవును.

దీనికి మినహాయింపు ఒకటి కలదు. తన సరుకుతోపాటు సరుకుల వాహనములో పోవు యజమానికిగాని, అతని ప్రతినిధికిగాని 1994 నాటి సవరణవలన బీమా రక్షణ లభించినది. ట్రాలీలోని కూలీలను మరియొక వాహనము అజాగ్రత్తగా వచ్చి ఢీకొన్నచో, ఆ వాహనపు బీమా కంపెనీ నుండి వారు పరిహారము కోరవచ్చును. ట్రాక్టరు దారిన పోవువానిని గుద్దినచో, అతనికి ఆ ట్రాక్టరు థర్డు పార్టీ బీమా వర్తించును. అయినను కోతల కాలమునకు ముందే గ్రామసభలో ఈ విషయమును రైతులకు తెలిపి, కూలీలను ప్రయాణికుల వాహనములలోనే పంపునట్లు చేయుట పంచాయతీకి తగిన పని.

పరిహారము పొందు మార్గములు

1956లో నాటి మోటారు వాహనముల చట్టమును సవరించి, ప్రమాద పరిహారమునకై ప్రత్యేక ట్రిబ్యునళ్లను నెలకొల్పుటకు వీలు కల్పించిరి. నేడు అమలులో నున్నది 1988 నాటి చట్టము. దీనిని 2019లో సవరించిరి. పరిహారమునకు సంబంధించిన మార్పులు 2022 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినవి. వాటి ప్రకారము మార్గములు మూడు.

మొదటిది 164వ సెక్షను. దీనిక్రింద డ్రైవరుది తప్పని ఋజువు చేయనక్కరలేదు. తీవ్రమైన గాయమునకు 2,50,000 రూపాయలు, మరణమునకు 5,00,000 రూపాయలు నిర్ణీత మొత్తములు. తీవ్రమైన గాయమనగా అంగము పోవుట మాత్రమే కాదు. ఎముక విరుగుట, కీలు తొలగుట, పన్ను విరుగుట, చూపు లేక వినికిడి శాశ్వతముగ పోవుట, ముఖము శాశ్వతముగ వికృతమగుట కూడ ఇందులో చేరును. 2024 జూలై 1 నుండి అమలులో నున్న భారతీయ న్యాయ సంహిత ప్రకారము, 15 దినములపాటు తీవ్రమైన శరీర బాధ కలిగించినదియు, లేక అంతకాలము నిత్యకృత్యములు చేసికొననీయనిదియు తీవ్రమైన గాయమే.

రెండవది 166వ సెక్షను. ఇందు డ్రైవరు అజాగ్రత్తను చూపవలెను. పరిహారమునకు నిర్ణీతమైన పరిమితి లేదు. న్యాయమైనదని ట్రిబ్యునలు తలచిన మొత్తము నిర్ణయించును. దరఖాస్తును ప్రమాదము జరిగిన ప్రాంతపు ట్రిబ్యునలునందే వేయవలెనని లేదు. బాధితుడు నివసించుచోట గల ట్రిబ్యునలునందు కూడ వేయవచ్చును. కావున మీర్జాగూడ వంటి ఇతర జిల్లా స్థలమున ప్రమాదము జరిగినను, తాండూరు ప్రాంతపువారు తమ వికారాబాదు జిల్లాలోనే దరఖాస్తు చేసికొనవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. 164వ సెక్షను క్రింది నిర్ణీత మొత్తమును బీమా కంపెనీతో పరిష్కారముగ అంగీకరించినచో, 166వ సెక్షను క్రింది దరఖాస్తు రద్దగునని చట్టములోనే కలదు. తీవ్రమైన గాయమైనను పూర్తిగా మానినవానికి త్వరగా చేతికివచ్చు నిర్ణీత మొత్తము మేలు కావచ్చును. జీవితాంతము అంగవైకల్యము మిగులు వానికి అది పెద్ద నష్టము. వైద్యులు గాయము సంగతి తేల్చి చెప్పకముందు ఏ కాగితముపైనను సంతకము చేయరాదు.

మూడవది గుద్ది పారిపోయిన వాహనము ఆచూకీ దొరకని సందర్భము. దీనికి 161వ సెక్షను క్రింద మరణమునకు 2,00,000 రూపాయలు, తీవ్రమైన గాయమునకు 50,000 రూపాయలు లభించును. పూర్వము ఈ మొత్తములు 25,000, 12,500 రూపాయలు మాత్రమే. దీనికి ట్రిబ్యునలునకు పోనక్కరలేదు; రెవెన్యూ అధికారులకు దరఖాస్తు చేయవలెను. మన జిల్లాలో వికారాబాదు, తాండూరు అను రెండు రెవెన్యూ డివిజనులు కలవు. విచారణ పిమ్మట జిల్లా కలెక్టరు మంజూరు చేయుదురు. ఒక నెలలోపల వాహనము ఆచూకీ తెలియనిచో, ఈ పథకమును గూర్చి బాధితులకు పోలీసులు తెలుపవలెనని 2024 జనవరిలో సుప్రీం కోర్టు ఆదేశించినది.

గాయమునకు విలువ కట్టు విధము

వైద్యపు ఖర్చు, రాకపోకల ఖర్చు, పనిలేని దినముల కూలి, ముందు ముందు కావలసిన చికిత్స, పడిన బాధ, జీవన సౌఖ్యమునకు కలిగిన లోపము, వీటిని విడివిడిగ లెక్కింతురు. వీటిలో పెద్దది భవిష్యత్తులో తగ్గు సంపాదన. దానిని ఎట్లు కట్టుదురో ఒక ఊహాత్మకమైన ఉదాహరణ చూతము.

నాపరాతి గనిలో పనిచేయు 34 ఏండ్ల కార్మికుడు నెలకు 12,000 రూపాయలు సంపాదించుచుండెననుకొందము. అతని కాలు దెబ్బతిని సంపాదన శక్తి నూటికి 30 వంతులు తగ్గినది. ఏడాది ఆదాయము 1,44,000 రూపాయలు. 40 ఏండ్లలోపు స్వయముగ సంపాదించువారికి ముందు కాలపు వృద్ధి క్రింద నూటికి 40 చొప్పున కలుపుదురు. అది 2,01,600 రూపాయలగును. అందులో నూటికి 30 వంతులు 60,480 రూపాయలు. 31 నుండి 35 ఏండ్లవారికి గుణకము 16. ఆ ప్రకారము 9,67,680 రూపాయలు వచ్చును. వైద్యపు ఖర్చు మున్నగునవి దీనికి అదనము.

మరియొక సంగతి గమనింపదగినది. శరీర వైకల్యమును మాత్రమే గాక, అది ఆ మనుష్యుని పనిపై ఎంత దెబ్బతీసినదో చూడవలెనని 2010లో సుప్రీం కోర్టు చెప్పినది. బల్లవద్ద కూర్చుండి వ్రాయు గుమాస్తాకు కాలు కుంటిబారుట వేరు. బండలు మోయు కార్మికునికి వేరు. పై ఉదాహరణలోనే కార్మికుని సంపాదన నష్టము నూటికి 60 వంతులని ఋజువైనచో, మొత్తము 19,35,360 రూపాయలగును.

ఇంటిపని చేయు స్త్రీకి జీతము లేదుగనుక పరిహారము లేదనుట తప్పు. ఆమె శ్రమకు విలువ కట్టి పరిహారము నిర్ణయింపవలెనని సుప్రీం కోర్టు పలుమార్లు చెప్పినది. జీతపు చీటీ లేని కూలీల విషయమున ట్రిబ్యునళ్లు కనీస వేతనమును ఆధారముగ తీసికొనుట కలదు. పని ఇచ్చిన రైతుగాని, గని మేస్త్రీగాని సాక్ష్యము చెప్పినచో నిజమైన ఆదాయము లెక్కకు వచ్చును.

కాలపరిమితి

2022 ఏప్రిలు 1 నుండి అమలునకు వచ్చిన నిబంధన ప్రకారము, ప్రమాదము జరిగిన ఆరు నెలలలోపల 166వ సెక్షను క్రింది దరఖాస్తు వేయవలెను. ఈ నిబంధన చెల్లదనుచు వేసిన వ్యాజ్యములలో 2025 నవంబరులో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు నిచ్చి, కాలము మించినదను కారణమున దరఖాస్తులను కొట్టివేయరాదని ఆదేశించినది. మధ్యంతర ఉత్తర్వు తుది తీర్పు కాదు. కావున ఆరు నెలలే గడువని యెంచి మెలగుట క్షేమకరము.

పోలీసులు 48 గంటలలోపల తొలి నివేదికను, మూడు నెలలలోపల వివరమైన నివేదికను ట్రిబ్యునలునకు పంపవలెను. ఆ నివేదికనే పరిహారపు దరఖాస్తుగా ట్రిబ్యునలు స్వీకరింపవచ్చును. అయినను అది వెళ్లినదో లేదో ఠాణాలో విచారించి తెలిసికొనవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

ప్రాణరక్షణ మొదటిది. 108 వాహనమును పిలిచి, గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చవలెను. చేర్చినవానిని కేసులోనికి లాగుదురను భయము వలదు. సదుద్దేశముతో సాయపడువానికి చట్టములోని 134-ఎ సెక్షను రక్షణ ఇచ్చుచున్నది. 2025 మే నెలలో ప్రకటింపబడిన కేంద్ర పథకము ప్రకారము, నిర్దేశింపబడిన ఆసుపత్రులలో ప్రమాద దినము మొదలు 7 దినములవరకు 1,50,000 రూపాయలు మించకుండ నగదు చెల్లింపు లేని చికిత్స లభించును.

రెండవది, ఆసుపత్రిలో నిజము చెప్పించుట. కేసు భయముచేతనో, యజమానిపై మొగమాటముచేతనో "మెట్లపై జారిపడినాడు" అని వ్రాయించినచో, ఆ ఒక్క వాక్యము తరువాత దావానంతయు చెరచును. మోటారు ప్రమాదమని వైద్యునికి చెప్పి, మెడికో లీగలు కేసుగా నమోదు చేయించవలెను.

మూడవది, కాగితములను భద్రపరచుట. ఎఫ్.ఐ.ఆర్. నకలు, గాయముల ధ్రువపత్రము, ఆసుపత్రి నుండి పంపివేసినప్పటి చీటీ, మందుల బిల్లులు, ఎక్స్‌రే చిత్రములు, ప్రయాణపు టికెట్టు, వాహనపు నంబరు, దాని రిజిస్ట్రేషను, బీమా పత్రముల నకళ్లు, వయస్సునకు ఆధారము, వీటినన్నిటిని ఒక సంచిలో ఉంచుమని ఆ ఇంటివారికి చెప్పవలెను. వైకల్యము మిగిలినచో వైద్య ధ్రువపత్రము పొందవలెను.

నాల్గవది, న్యాయ సహాయము. స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయము గలవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితముగ న్యాయవాదిని పొందవచ్చును. లోక్ అదాలతులో రాజీ పడవచ్చును. ఆ పరిష్కారమే తుదిది, దానిపై అప్పీలు లేదు. కావున అచ్చటకూడ మొత్తమును చక్కగా ఆలోచించియే ఒప్పుకొనవలెను. వచ్చు సొమ్ములో సగము మాదని ఆసుపత్రి గుమ్మము వద్ద వకాల్తాపై వ్రేలిముద్ర వేయించుకొను దళారులను దగ్గరకు రానీయరాదు.

గాయపడినవాడు పడకపై నుండి తన హక్కును తాను వెదకుకొనలేడు. అతని భార్య ఆసుపత్రి వద్ద, పిల్లలు ఇంటివద్ద ఉందురు. ఆ దినములలో ఊరిలో తెలిసినవాడొకడు ఠాణాకు తోడుగ వెళ్లి, కాగితములు కట్టగట్టించి, ఆరు నెలల గడువు తేదీని గోడపై వ్రాయించినచో ఆ కుటుంబము అప్పులపాలు కాకుండ నిలువగలదు. ప్రతి గ్రామ పంచాయతీయు తన సభ్యులలో ఒకరికి ఈ బాధ్యత నప్పగించి, వారి పేరును పంచాయతీ కార్యాలయపు పలకపై వ్రాసియుంచుట మేలు.